పోశవ్వ పీకిన గడ్డి

పోశవ్వ నాంపల్లి స్టేషనులో రైలు దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. మొగుడు సాయన్న అంతకుముందే పట్నం వచ్చి, స్టేషను గోదాములో బస్తాలు మోసే పనికి కుదిరాడు. అబిడ్స్ వైపు పోయే దారిలో, ఒక సందులో, ఇద్దరికీ తలదాచుకునే చోటు కూడా చూసిపెట్టాడు. ఇంటాయన శ్యామ్‌సుందర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆయన భార్య వసుమతి ఆడపిల్లల బడిలో పంతులమ్మ. పోశవ్వ ఇంటిపని చేస్తే వెనకవైపు కొట్టుగది కిరాయి లేకుండా ఇస్తామన్నారు. అది 1952 ఎండాకాలం.

వచ్చిన పూట చీకట్లో పోశవ్వకు ఏమీ కనబడలేదు. ఊళ్లో అలవాటు ప్రకారం కోడికూతకే లేచి, చీపురు పట్టుకుని ఇంటి ముందుకు వచ్చింది. వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

వాకిలంతా గరిక. ఏదో గోడ వారన నాలుగు పోచలు మొలవడం కాదు, మెట్ల దగ్గర మొదలై గేటు దాకా ఒక్క అరచేతి మేర మట్టి కూడా కనబడకుండా కమ్మేసి ఉంది.

గరికను చూస్తే పోశవ్వకు పామును చూసినట్టే ఉంటుంది. రజాకార్ల భయానికి ఊరు విడిచి చుట్టాల ఇళ్లలో తలదాచుకుని, గొడవలు సద్దుమణిగాక తిరిగివెళ్తే, వాళ్ల మెట్టచేనును, ఆ ఒక్క చెలకను, ఆ గరికే మింగేసి ఉంది. దున్నారు. తవ్వారు. మళ్లీ దున్నారు. ఎంత దున్నితే అంత చిక్కగా లేచింది. ఎకరం జొన్న కూడా చేతికి రాలేదు. చివరికి ఎడ్లను అమ్ముకుని పట్నం దారి పట్టారు.

'పాపం, ఇద్దరూ కొలువులకు పోతరు, తీసేటోళ్లు లేకపాయె' అనుకుంది. కొట్టుగది పక్కన పార కనబడింది. కొంగు బిగించి దిగింది. నేల మెత్తగా, తడితడిగా ఉంది. అదెందుకు తడిగా ఉందో ఆమెకు తోచలేదు. పని సులువైందని సంతోషపడింది. వేరుతో సహా లాగి, దులిపి, గేటు దగ్గర కుప్ప పోసింది. స్టేషనుకు పోతున్న టాంగావాడు బండి ఆపి, "తీస్కపోనా?" అన్నాడు. "మంచిగ తీస్కపో" అంది. గుర్రం అక్కడే కుప్పలోంచి నాలుగు పోచలు లాగి నమిలింది. మిగతాది వాడు గోనెసంచిలో కుక్కుకుని పోయాడు.

తెల్లగా తెల్లవారాక వసుమతి కూతురిని చంకనెత్తుకుని బయటకు వచ్చింది. పోశవ్వ నడుం మీద చేయి వేసుకుని, మెప్పు కోసం ఎదురుచూస్తూ, "ఎట్లుందమ్మా? మొత్తం సాఫ్ చేసిన" అంది.

వసుమతి పాపను గట్టిగా పట్టుకుని వాకిలంతా కలయజూసింది. వెనకాలే శ్యామ్‌సుందర్ పళ్లపొడి చేతిలో పోసుకుని వచ్చాడు. ఆ పొడి వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నా ఆయనకు తెలియలేదు.

"గడ్డేది?" అన్నాడు.

"గుర్రం తిన్నది సారూ."

"అది మేము పెంచిన గడ్డి! ఎండల్ల బిందెలతోని నీళ్లు మోసి పెంచినం!"

పోశవ్వ నవ్వింది. పరాచికం అనుకుంది. "గరికను పెంచుతరా సారూ ఎవరన్న?" అంది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆమె నవ్వు కూడా సగంలో ఆగింది.

ఇంతలో పాప తల్లి చంక దిగింది. పేరు నళిని, నాలుగేళ్లది. జ్వరం వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. నడిపించమని దవాఖానలో చెప్పారు. బండల మీద పడితే దెబ్బలు తగులుతున్నాయని వసుమతి వాకిట్లో ఈ పచ్చిక చమన్ వేసింది. పచ్చిక మీద పొద్దున్నే పాపను వదిలితే, పడుతూ లేస్తూ గేటు వైపు నడిచేది. ఆ రోజు కూడా నళిని అలవాటుగా అడుగు వేసింది. రాళ్లు తేలిన మొరం మట్టిలో కాలు మడతపడి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది. పిల్ల ఏడవలేదు. చేతుల కింది మట్టిని తడిమి, తల్లి వైపు చూసి, "అమ్మా, నా చమన్ ఏది?" అంది.

పోశవ్వ మట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే చాపుకుని నిలబడింది.

"సాయన్నా, నీ సామాను సదురుకో" అన్నాడు శ్యామ్‌సుందర్. ఆ అలికిడికి కొట్టుగదిలోంచి వచ్చిన సాయన్న తల వంచుకున్నాడు. వసుమతి పాప మోకాలు తుడిచింది. చివరికి, "రాత్రే చెప్పాల్సింది. నేనే చెప్పలే" అంది. తర్వాత పోశవ్వ వైపు తిరిగి, "గరిక మీద నీకు గింత కోపమేంది?" అని అడిగింది.

పోశవ్వ చెలక సంగతి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. "మమ్ముల ఎల్లగొట్టకున్రి అమ్మా. నేనే మల్ల ఏస్త. నా చేతుల్తోనే ఏస్త" అంది. వసుమతి మొగుడి వైపు చూసింది; ఆయన సరేనని లోపలికి పోయాడు.

ఎండలు తగ్గేదాకా పాప వరండాలో పరిచిన బొంతల మీదే నడిచింది. ఆలోపు పోశవ్వ వాకిలి తవ్వింది. రాళ్లు ఏరింది, తుంగ గడ్డలు ఏరింది, మాగిన పెంట, కుళ్లిన ఆకులు కలిపి నేల చదును చేసింది. మృగశిర చినుకులు పడగానే రైలుకట్ట వారనుంచి గరికను వేళ్లతో సహా పీకి తెచ్చి నాటింది. తాను గరిక నాటుతోందన్న సంగతి తలుచుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించేది. ఊళ్లోవాళ్లు చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారు.

వాన తెరిపిచ్చినప్పుడల్లా వరిమడికి పెట్టినట్టు నీళ్లు నిలబెట్టింది. మొలకలు పాలిపోయాయి. "వేళ్లు కుళ్లుతున్నయి పోశవ్వా. ఒక్కసారి లోపలిదాక తడవనియ్యి, పైన ఆరినంక మల్ల పెట్టు" అంది వసుమతి. అలా చేశాక లేచింది. లేచింది కానీ సన్నగా, పొడుగ్గా, సందుసందునా మట్టి కనబడుతూ.

ఒక ఆదివారం వసుమతి కొడవలి తెచ్చి చేతికిచ్చింది. "కొయ్యి."

పోశవ్వ ఉలిక్కిపడింది. "ఇప్పుడిప్పుడే పానం పోసుకుంటున్నదమ్మా! కోస్తే ఏం మిగుల్తది?"

"మొదలంట కాదు, కొసలే. కొస కోస్తే పక్కలకు పిలకలేస్తది. పలచగున్న కాడ తీగెలను పారతోని అక్కడక్కడ తెంపు."

నమ్మకం లేకుండానే కోసింది. తీగలను పారతో తెంపింది. తర్వాత ముసురు పట్టింది. ముసురు వెలిశాక వంగి చూస్తే, తెంపిన ముక్క ప్రతిదానికీ కింద తెల్లటి వేరు, పైన పచ్చటి పోచ. ఒక్క తీగ ఉన్నచోట గుంపే లేచింది.

పోశవ్వ అక్కడే కూలబడింది. కళ్ల ముందు చెలక కనబడింది. పెద్దవాళ్లయితే గరికను ఎండల్లో తవ్వి, ఎండబెట్టి, కాల్చేవాళ్లు. తాము ఊరు చేరిందే వానలు పడ్డాక. "అదును పోతది, దున్ను" అని మొగుడిని తరిమింది తనే. ఆ తడి నేలలో నాగలి గరికను ముక్కలు ముక్కలు చేసి చెలకంతా పరిచింది.

సాయంత్రం సాయన్న వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, తీగముక్క తెచ్చి చూపించింది.

"ఏమయ్యా, మన చెలకల గరికను మనమే నాటినమా?"

సాయన్న చెంబు కింద పెట్టాడు. "ఔ" అన్నాడు.

"నీకెరికేనా?"

"రెండోసారి దున్నేటప్పుడే ఎరుకైంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అప్పటికే నువ్వు కూడు మానేసి ఏడుస్తున్నవ్. చెప్తే ఏమైతుండె?"

పోశవ్వ ఈ మొగుడు సోమరి కాబట్టే చెలక పోయిందని ఊరందరి ముందు తిట్టింది. అత్త తద్దినం నాడు చుట్టాల్లోనూ తిట్టింది. అన్నిసార్లూ ఈ మనిషి తల వంచుకుని వినేవాడు. తప్పు తనది కాబట్టే వింటున్నాడని ఆమె అనుకునేది. ఆ రాత్రి పెట్టుకున్న అన్నం పెట్టుకున్నట్టే ఉంది. "ఇంక తిను" అని అతనే కంచం దగ్గరికి జరిపాడు.

మరుసటి ఎండాకాలం సెలవు అడుక్కుని ఇద్దరూ ఊరికి పోయారు. మండే ఎండలో చెలకను తవ్వి, వేళ్లు ఏరి, ఎండబెట్టి తగలబెట్టారు. సగం చెలకే తేరుకుంది. దాన్ని సాయన్న తమ్ముడికి సాగుకిచ్చి తిరిగి రైలెక్కారు.

గేటు తీసేసరికి చమన్ నిండు పచ్చగా, కాలు వేస్తే దిగేంత ఒత్తుగా ఉంది. మధ్యలో నళిని నిలబడి ఉంది. పోశవ్వ గబగబా అటూ ఇటూ చూసింది. వసుమతి వరండాలో పుస్తకాలు దిద్దుకుంటోంది. పిల్లను పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. నళిని కాస్త వంగుతూ, కాస్త ఈడుస్తూ, ఒక్కతే గేటు దాకా నడిచి వచ్చింది.

పోశవ్వ మూట కింద పెట్టి, పిల్లను అందుకోబోయింది.

"చెప్పులు ఇడువు పోశవ్వా" అంది నళిని, నడుం మీద చేయి వేసుకుని. "చెప్పులతోని తొక్కితే అమ్మ కోప్పడ్తది."

సాయన్న అప్పటికే తన టైరు చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. పోశవ్వ కూడా చెప్పులు విడిచి, గరిక మీద మెల్లగా కాలు పెట్టింది.