వెంకటేశ్వర్ ఒట్టు

సిరోంచ బస్టాండు పక్కన లాప్‌టాప్‌లు బాగుచేసే వెంకటేశ్వర్, విప్పిన ప్రతి మరనూ చాయ్ సాసర్లో ప్రసాదంలా పెడతాడు. గొంతు పట్టుకుని ఒట్టేయనిదే మాట ముగించడు. అన్ని ఒట్లు మోసి ఆ గొంతు ఎట్లా నిలిచిందో వాడికే తెలియాలి. జింగనూరు ఆడవాళ్లకు అడవి పట్టా కాగితాలు తెరిచి చూపే కార్యకర్త ఆశ, కరెంటు నిలవని ఆ ఊళ్లో తన లాప్‌టాప్‌కున్న చిన్న బటన్‌నే నమ్ముకుంది. అది నొక్కితే విండోస్‌తో పనిలేకుండా క్షణంలో తెర వెలిగేది. హార్డ్ డిస్క్ పోయి కొత్తది వేయించాక ఆ బటన్ పలకలేదు. ఆ బటన్‌తో నడిచే చిన్న సిస్టం మళ్లీ ఎక్కించాలని, దాని సీడీ మీద తన పేరు రాసి మరీ ఇచ్చిందామె.

"సీడీ ఖరాబైందక్కా, పారేసిన. ఒట్టు" అని గొంతు పట్టుకున్నాడు. ఆశ నమ్మింది. జింగనూరులో విండోస్ మెల్లగా లేచి కాగితం తెరుచుకునేలోపే బ్యాటరీ ఆరిపోతే, "నీ డబ్బా గూడ ఆఫీసోళ్ల లెక్కనే అయిందేందే?" అన్న ఆ ఊరి జంగుబాయి మాటకు తల వంచుకుంది.

వారం తిరక్కముందే, ప్రాణహిత ఒడ్డున వెంకటేశ్వర్ వరిచేలో పిట్టల్ని బెదరగొట్టే సీడీ ఒకటి ఆశ కంట తళుక్కుమంది. దాని మీద ఆమె పేరే ఉంది, ఒక్క గీతా పడలేదు. తెంపుకొచ్చి వాడి ముందు పెట్టింది.

"ఏంది తమ్మీ, ఇదేనా ఖరాబైంది?"

"ఎక్కించనీకి తీరలేదక్కా..." వెంకటేశ్వర్ చెయ్యి అలవాటుగా గొంతుదాకా లేచింది.

ఆశ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.