బండ మీది క్యాన్లు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, వేసవిలో, ధర్మవరం నుంచి హిందూపురం నీటి పరీక్షల ల్యాబ్‌కు సీనియర్ అనలిస్టుగా బదిలీ అయ్యాను. మే నెలలో పెనుకొండ దగ్గరి ఒక ఊరి పంపుహౌస్ నుంచి సోడియం హైపోక్లోరైట్ శాంపిల్ వచ్చింది. తాగునీటిలో క్రిములను చంపడానికి కలిపే ద్రావణం అది. టైట్రేషన్ చేసి కొలిస్తే, ఉండాల్సిన క్లోరిన్‌లో సగం కూడా లేదు. అంకె వేసి ఊరుకోవచ్చు కదా! రిమార్కుల గడిలో ‘నీళ్లు కలిపినట్టుంది’ అని రాసి సంతకం పెట్టాను. అప్పట్లో నాకు తెలియనిదేదీ లేదనుకునేదాన్ని.

వారం తిరగకముందే పంపు ఆపరేటర్ ఓబులేసు నా ఎదుట నిలబడ్డాడు. నా రిమార్కు చూసి, క్లోరిన్ మందు అమ్ముకుని నీళ్లు పోశాడని పెనుకొండ అధికారులు అతన్ని ఉద్యోగంలోంచి తీసేయబోతున్నారట.

“చుక్క నీళ్లు కలిపింటే ఒట్టు మేడమ్. ఊర్లో నా మొగం చూసేటోళ్లు లేరు,” అన్నాడు.

మందు క్యాన్లు ఎక్కడ పెట్టావని అడిగాను.

“రూములో పెడితే వాసనకు కండ్లు మండుతాండాయి. అందుకే బయట బండ మీద పెట్టినా.”

మే ఎండలో, పెనుకొండ బండ మీద!

హైపోక్లోరైట్‌లో క్లోరిన్‌కు తోడు ఒక ఆక్సిజన్ ఉంటుంది. క్లోరైట్‌లో రెండు, క్లోరేట్‌లో మూడు, పెర్‌క్లోరేట్‌లో నాలుగు. వేడికి హైపోక్లోరైట్ నిలవదు. ప్రతి మూడింటిలో రెండు తమ ఆక్సిజన్‌ను మూడోదానికి ఇచ్చేసి మామూలు ఉప్పుగా మిగులుతాయి. ఆ మూడోది క్లోరేట్ అవుతుంది. అది తాగునీటిలో క్రిముల జోలికి పోదు, మేం మొదట చేసే పరీక్షలో కనబడదు కూడా. నిజంగా నీళ్లే కలిపి ఉంటే, మందులో మొదట్నుంచీ కొద్దిగా ఉండే క్లోరేట్ కూడా పలచబడాలి; ఎండకు చెడి ఉంటే పెరగాలి.

పెనుకొండ స్టోరులో నీడన ఉన్న అదే బ్యాచ్ క్యాన్ నుంచి మరో శాంపిల్ తెప్పించాను. రెండింటిలోనూ హైపోక్లోరైట్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోగొట్టి, బాగా మరిగించి చల్లార్చి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పొటాషియం అయోడైడ్ వేశాను. క్లోరేట్ ఎంత ఉంటే అంత అయోడిన్ విడుదలై రంగు తేలుతుంది. స్టోరుది లేత పసుపు. ఓబులేసుది ముదురు గోధుమరంగు. ఆ అయోడిన్‌ను కొలిచి చూస్తే, తగ్గిన క్లోరిన్‌కూ పెరిగిన క్లోరేట్‌కూ లెక్క సరిపోయింది. కుర్చీలో కూలబడి హమ్మయ్య అనుకున్నాను. అతని కోసం ఎంతో, నా కోసమూ అంతే.

మొదటి రిపోర్టు తప్పని రాసి, రెండోదాన్ని రైల్లో నేనే పెనుకొండ తీసుకెళ్లి ఆ అధికారులకు ఇచ్చాను. ఓబులేసు ఉద్యోగం నిలిచింది. ఊళ్లో ఎవరికీ జబ్బు చేయకపోవడం మా అదృష్టం. పంపుహౌస్ పక్కన గాలి ఆడేలా పందిరి వేయించి క్యాన్లు అందులో పెట్టించాం.

“ఇంగమీదట ఎండలో నేనన్నా నిలబడతా గానీ, వీటిని నిలబెట్టను మేడమ్,” అని నవ్వాడు ఓబులేసు.

రిటైరయ్యేదాకా రిమార్కుల గడిలో కొలిచినదే రాశాను. కొలవనిది ఏదైనా తోస్తే, సంతకానికి ముందు ఫోన్ చేసి, క్యాన్ ఎక్కడ ఉందని అడిగేదాన్ని.