అమ్మ చాటలో ఇరవై రాళ్లు

నా చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే అమ్మకు పోయినవి: పొంగిన పాలు అర లీటరు, తెగిన చెప్పు ఒకటి, చిట్లిన గాజులు మూడు. నిన్న ఉస్మాన్‌గంజ్ బజారులో చాట చూడగానే ఈ లెక్క గుర్తొచ్చింది.

చిరాకు ముదిరితే అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేది. కాసేపటికే కూనిరాగం తీసేది. రాళ్లు దొరికితేనే ఆమెకు సంతోషమనుకుని, ఆ రోజు లెక్కపెట్టి మరీ ఇరవై రాళ్లు బియ్యంలో కలిపాను.

"గిన్ని రాళ్లేంది బిడ్డా?" అంది అమ్మ.

"నీకోసమే కలిపిన!"

"కిరాణా భాయ్‌ని తిడుతున్న గదనే! దొంగవు నువ్వా?" అని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

అమ్మను కుదుటపరిచింది రాళ్లు కాదు, అలా నెమ్మదిగా కూర్చోవడమేనని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు చాటలో దొరికినవి పద్దెనిమిది. ఒకటి అన్నంలో బాపు పంటికి తగిలింది. ఇంకొకటి ఈనాటికీ బాకీ.