విత్తనానికి దాచిన అనుములు

అమెరికాలో క్యారీ నుంచి రాలీ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడది జింబాబ్వే. పశువుల మేత మీద పీహెచ్‌డీ చేస్తోందట. వీడియో కాల్‌లో ఆమె తమ్ముడు లేవలేక పడివున్న ఆవును చూపిస్తున్నాడు. వాళ్ల భాష నాకు రాదు గానీ, ఆ ఆవు డొక్కలు చూస్తే సంగతి అర్థమైంది.

ఫోన్ పెట్టేసి ఆమే ఇంగ్లీషులో చెప్పింది. "వానల్లేవు. ఒట్టి మొక్కజొన్న చొప్ప తిని ఆవులు ఒక్కొక్కటే పడిపోయాయి. మిగిలింది ఈ చూడి ఆవే. మేతకి అనుములు వేయమని వాడికి నేర్పింది నేను. విత్తనానికి ఒక సంచి దాచాడు. అవి ఉడకబెట్టి దీనికి పెట్టెయ్యనా అంటున్నాడు. పెడితే వచ్చే ఏడు వేయడానికి గింజ ఉండదు. పెట్టినా లేస్తుందని నమ్మకం లేదు."

"మీరేమన్నారు?"

"ఐదు నిమిషాలాగమన్నాను."

ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వైతే ఏం చేస్తావు?"

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఏనాడూ పశువుకు గడ్డి వేసి ఎరగను. అయినా ఆ ముఖం చూస్తూ తెలియదనలేకపోయాను.

"పెట్టమనండి."

ఆమె మళ్లీ ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది. తర్వాతి స్టాప్‌లో ఆమె దిగిపోయింది.

నేను పేరైనా అడగలేదు. ఆవు లేచిందో లేదో ఇప్పుడు ఎవరిని అడగను?