ఆమెన్ అంటే పరుగెత్తే పిల్ల

మా పాప తొలిగా నేర్చిన మాటల్లో "ఆమెన్" ఒకటని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ తర్వాత నేర్చింది "వద్దు". రెండేళ్లు నిండేసరికి రెండింటినీ కలిపేసింది. నేను అన్నం గిన్నె ముందు పెట్టుకుని, ప్రార్థనకి చేతులు జోడించగానే "ఆమెన్ వద్దు!" అని కేకపెట్టి మంచం కిందికి దూరేది.

తప్పు నాదే. అది ఒప్పుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అందరి మీదా కోపమే.

మాది అరకు నుంచి పైకి, కాఫీ తోటల మధ్య ఊరు. ఒకరోజు అంగన్‌వాడీలో తూకం వేస్తే పాప బరువు చార్టులో ఆకుపచ్చ నుంచి పసుపులోకి, అంటే వయసుకి ఉండాల్సిన దానికన్నా కిందికి, జారింది. నేను డిగ్రీలో హోం సైన్సు చదివాను. ఆ చార్టు మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అలాంటిది నా పిల్లే పసుపులో ఉంటే ఎలా? డాక్టరు పరీక్షించి, "జబ్బేమీ లేదమ్మా. బలవంతం చెయ్యకు. వచ్చే నెల తీసుకురా" అన్నారు. ఆయన మీదా కోపం వచ్చింది.

ఆ రోజు నుంచి పూటపూటా యుద్ధమే. చోడిజావ, అదే రాగిజావ, గుడ్డు, పప్పన్నం. ముందు ప్రార్థన: "ప్రభువా, ఇదంతా తినేటట్టు చెయ్యి." అది ప్రార్థన కాదు, ఆర్డరు. ఆమెన్ అనగానే ఎడమచేత్తో బుగ్గలు నొక్కి, కుడిచేత్తో స్పూను నోట్లో పెట్టేదాన్ని. అది ఉమ్మేది. నేను అరిచేదాన్ని.

మా అత్త తోటకి పోతూ గుమ్మంలో ఆగేది.

"ఏటమ్మా అది? గుంటకి తిండెడతన్నావా, తలగడలో దూది కుక్కతన్నావా?"

"నువ్వూరుకో అత్తా. నీకు తెలీదు."

"నాకేటి తెలుస్తాది! సదువు లేకండా నలుగురిని పెంచినాను. అందుకే బతికేసినారు ఎదవలు."

తన మాటకి తనే నవ్వుకుంటూ పోయేది. నాకు ఒళ్లు మండిపోయేది.

మా చర్చి పాస్టరమ్మగారు ఇంకోలా మండించారు. "సిస్టర్, పాపని ప్రభువుకి అప్పగించు. నీ చిత్తం వదులుకో." ఎంత తేలిగ్గా అనేశారో! ఆవిడ పిల్లలిద్దరూ పూరీల్లా పొంగి ఉంటారు. అయినా ఆడదానికి ఎవరు చెప్పినా ఇదే కదా: వదులుకో, తగ్గు, ఊరుకో. ఊరుకోవడానికా నేను చదువుకున్నది? "అప్పగించేశానమ్మగారూ" అని అబద్ధమాడి వచ్చాను.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసి అందరూ ఒక్కసారిగా "ఆమెన్" అన్నారు. పాప గావుకేక పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. అందరూ ఘొల్లున నవ్వారు. "సాతానుకి కూడా ఇంత భయం ఉండదు సిస్టర్!" అన్నారు పాస్టరమ్మగారు నవ్వు ఆపుకోలేక.

సిగ్గుతో రెండు తగిలిద్దామనే వెళ్లాను. అది మెట్ల దగ్గర చెప్పుల మధ్య కూర్చుని ఉంది. నోటి మీంచి చేతులు తియ్యలేదు. నా ముఖం చూడలేదు. నా చేతులు చూసింది. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి. స్పూను ఎక్కడుందా అని.

దాని పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. అక్కడ కూడా దేవుడి మీదే అరిచాను, లోలోపల. అంతా దీని కోసమేగా చేశాను! నువ్వేం చేశావు? అరుస్తుంటే నా గొంతే నాకు వినబడింది. నాలుగు నెలలుగా పిల్ల మీద చేస్తున్న అరుపే అది. దాని కోసం కాదు. పసుపులో ఉన్నది నేనని, నా మార్కులు తగ్గాయని చేశాను. "సరే, తీసుకో" అన్నాను. "దీని ఆకలి నా చేతిలో లేదు. దీని ప్రాణమూ లేదు. తీసుకో." భక్తిగా ఏమీ అనలేదు, పళ్లు కొరుకుతూ అన్నాను. శాంతి దిగిరాలేదు. ఒళ్లంతా నీరసం కమ్మింది, అంతే.

ఆ మధ్యాహ్నం పాప గిన్నె దాని ముందు పెట్టి, నా కంచానికి మాత్రం మనసులో ప్రార్థన చేసుకుని తిన్నాను. అన్నం వేడిగా ఉంది. ఎన్నాళ్లయిందో వేడన్నం తిని! పాప ముట్టుకోలేదు. తినిపించాలని చెయ్యి లాగేస్తుంటే ఆ చేతి మీదే కూర్చున్నాను. సాయంత్రం పాప తనంతట తనే అత్త కంచంలోంచి రెండు ముద్దలు తీసుకుని తింది. సంతోషించాలా? కుళ్లుకున్నాను. కానీ లేచి వెళ్లి మూడో ముద్ద నేను పెట్టలేదు. మా ఇంట్లో నాలుగు నెలల తర్వాత ఎవరూ ఏడవని సాయంత్రం అది.

ఒక్కసారి అప్పగిస్తే చాలని ఎవరు చెప్పారో గానీ, నాకు మాత్రం రోజుకి మూడుసార్లు అప్పగించాల్సి వస్తోంది. డాక్టరు దగ్గరికి నెలనెలా తీసుకెళ్తున్నాను, ఆయన అదే మాట చెప్తున్నారు. నిన్న మధ్యాహ్నం మళ్లీ దాని బుగ్గల మీదికి నా చెయ్యి వెళ్లింది. మధ్యలో ఆపి, ప్రభువుని తిట్టినంత పని చేసి, గిన్నె దాని వైపు తోసి, వెనక్కి చూడకుండా వాకిట్లో ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్లిపోయాను.