పలుపు లేకుండా వచ్చిన గిటార్

మా మునెమ్మవ్వ పాట మధ్యలో ఆపేయడంతో మొదలైంది ఈ ప్రయాణం. ఉద్దనపల్లిలో ఉండే ఈమె మా నాయనమ్మకు చెల్లెలు. రాగులు విసిరేటప్పుడు పాడే పాటలు మా ఇంట్లో ఈమెకు తప్ప ఎవరికీ పూర్తిగా రావు. విసురురాయి మోత తోడు లేనిదే ఆమెకు పాట రాదు. పాటలు రికార్డు చేద్దామని ఆ రాయి పెడితే టేపులో అదొక్కటే వినిపిస్తుంది. అందుకని 2003 వేసవిలో రాయికి బదులు తోడుగా వాయిద్దామని నా కొత్త గిటార్ పట్టుకుపోయాను. రెండో పాటకే, "నీ పెట్టె అరస్తా ఉంటే నా గొంతు యాడ వినపడతాదప్పా? నేను పాడను పో" అనేసింది. మెత్తగా మోగే పాత గిటార్ దొరక్కపోతే ఆ పాటలు ఆమెతోనే పోతాయని నాకు బెంగ పట్టుకుంది.

గురుబరపల్లి రైతు కృష్ణప్ప దగ్గర అలాంటిది ఉందని స్నేహితుడొకడు చెప్పాడు. ఆదివారం పొద్దున్నే నేనుండే మత్తిగిరి నుంచి టౌన్ బస్సులో హోసూరు చేరి, కృష్ణగిరి బస్సెక్కాను. గంట ప్రయాణం. కొన్ని బస్సులు గురుబరపల్లిలో ఆపవు, ఎక్కేముందే కండక్టర్‌ను అడగండి. నేను అడగలేదు, ఊరు దాటాక దిగి ఎండలో వెనక్కి నడిచాను.

కృష్ణప్ప టమోటా తోటలోంచి వచ్చి, చేతులు కడుక్కుని, లోపలి నుంచి గిటార్ తెచ్చాడు. వయసులో బెంగళూరులో పనిచేసేటప్పుడు కొన్నదట. అవ్వ సంగతి చెబితే, "ఇది అరిచే రకం కాదప్పా. పక్కన కూర్చుని ఊ కొట్టినట్టు పలుకుతాది. నాకు వేళ్లు వంగడం లేదు, పాడేవాళ్లింటికి పోనీ" అన్నాడు. మీటి చూశాను, ప్రాణం లేచొచ్చింది. నాలుగు వేలకు బేరం కుదిరింది. సంగటి, ఉలవచారు పెట్టిగానీ కదలనివ్వలేదు.

తీరా బయలుదేరే ముందు ఆయన గిటార్ బెల్టు విప్పి తన భుజాన వేసుకున్నాడు. మరిచిపోయాడేమోనని అడిగాను.

"ఆవును అమ్మినా మెడకు కట్టిన పలుపు ఇయ్యము గదప్పా. కొత్తది కొన్నోళ్లే కట్టుకోవాల."

నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. అరిగిన ఆ తోలును బొటనవేలితో నిమురుతూ ఉన్నాడు. గిటార్‌ను చంకన పెట్టుకుని బయలుదేరాను.

హోసూరు వెనక్కి వచ్చి, ఉద్దనపల్లి మీదుగా పోయే రాయకోట బస్సెక్కాను. సీటు లేదు. పూలు అమ్ముకునే ఒకామె తన గంప కాళ్ల దగ్గరికి లాక్కుని, "ఆ బిడ్డను ఈడ పెట్టప్పా" అని గిటార్‌ను ఒళ్లో పెట్టుకుంది. ఆమె పేరైనా అడగలేదు.

అవ్వ గిటార్‌ను కింద నుంచి మీద దాకా చూసి, "పలుపు యాడ?" అంది. జరిగింది చెప్పాను. "మర్యాద తెలిసిన మనిషి" అని లోపలికెళ్లి, పాత చీర అంచు చించి, పేని, రెండు కొసలా తనే కట్టింది. "ఇప్పుడు మనింటికి వచ్చినట్టు. వాయించు" అంది. మెల్లగా మీటాను. నేను అడగకముందే కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. టేపు ఒక వైపు అయిపోయింది, తిప్పి వేశాను. అప్పటికీ ఆపలేదు.

ఆ పాటలు ఈరోజు మా ఇంట్లో ఉన్నాయంటే అది నా ఒక్కడి పుణ్యం కాదు. ప్రాణంలా చూసుకున్నది ఇచ్చేసిన కృష్ణప్ప, ఒళ్లో మోసుకొచ్చిన పూలామె, వీళ్లకు నేను రుణపడి ఉన్నాను. మొదటి క్యాసెట్ కృష్ణప్పకే ఇచ్చి వచ్చాను. ఇక మీకొక సలహా: పాత గిటార్ కోసం ఆ వైపు పోతే దాన్ని చుట్టడానికి దుప్పటి తీసుకుపోండి. బెల్టు మాత్రం అడగకండి.