ఇమ్మానుయేల్ గారి ప్రార్థన, నా స్కీ పరీక్ష

ఓక్‌విల్‌లో ఇప్పుడు నేను చూసుకునే దుకాణంలో చలికాలం రాగానే, మంచు మీద జారడానికి కాళ్ళకి తొడిగే స్కీల అడుగుకి మైనం కరిగించి పూస్తాం. ఆ ఘాటు వాసనకి తక్కినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం వెంటనే ఇమ్మానుయేల్ గారు గుర్తొస్తారు. నర్సాపురం మనిషి, సర్రీలో స్కీల దుకాణానికి మేనేజరు, ఆదివారం చర్చిలో అందరిచేతా పాటలు పాడించే పెద్ద. గోదావరి ఒడ్డున పుట్టి ఈ మంచు మీద జారడం ఏమిటి సార్ అంటే, "మరి కెనడా వచ్చి ఇంట్లో కూర్చుని చలి చలి అని ఏడవమంటావా?" అనేవారు.

నేను చదువుకున్న ఆ ఏళ్ళలో సర్రీ నిండా మన విద్యార్థులే. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే చాలు, కాలేజీ మొత్తం రెజ్యూమెలు పట్టుకుని వరసలో నిలబడేది. కరీంనగర్ నుంచి డిప్లొమాకి వచ్చిన నాకు సార్ దగ్గర పార్ట్‌టైమ్ పని దొరికేసరికి నక్క తోక తొక్కాననుకున్నాను. కానీ అందులో ఒక మెలిక ఉంది. తాము స్వయంగా ఎక్కి చూడని స్కీ ఎవరూ అమ్మకూడదని ఆయన పట్టు. జారడం ఆయనే నేర్పించారు, పడుతూ లేస్తూ నెట్టుకొచ్చాను. ఇంతలో ఆయనకి మొగల్ స్కీలు తెప్పించాలని బుద్ధి పుట్టింది. జనం ఒకేచోట మలుపులు తిరిగీ తిరిగీ కొండవాలు మీద మంచు గుట్టలు గుట్టలుగా పేరుకుంటుంది. వాటినే మొగల్స్ అంటారు. బుద్ధున్నవాళ్ళు పక్కనుంచి పోతారు, సార్ లాంటివాళ్ళు వాటి మీదే దిగుతారు.

కంపెనీలు చూడమని పంపిన మూడు జతల్నీ సార్ దుకాణంలో నిలబెట్టి, ఒక్కోదాని నడుము నొక్కి వంచి చూశారు. "గుట్ట తగలగానే ముక్కు వంగాలి, మళ్ళీ లేవాలి. ఏదీ, నువ్వు చూడు. ఎలాగుంది?" అన్నారు. మంచిగున్నది సార్ అన్నాను. రెండోదీ మంచిగున్నదన్నాను. మూడోది నల్లగా, బిరుసుగా ఉంది. దాన్ని ఆయన పసిపిల్లని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి మురిసిపోతున్నారు. అది మస్తుగున్నదన్నాను. సార్ తల పట్టుకున్నారు.

"పెళ్ళిచూపులకొచ్చావా ఏమ్మా? వచ్చిన ప్రతి సంబంధమూ మంచిదేనా? శనివారం కొండ మీద చూద్దాం. అక్కడా ఇదే పాట పాడావంటే ఈ చలికాలానికి ఇంకొకర్ని చూసుకుంటాను."

పెద్దవాళ్ళు అడిగితే బాగుందనడమే మర్యాదని మా ఇంట్లో నేర్పారు. ఆ మర్యాదే నా ఉద్యోగం ఊడగొట్టేలా ఉంది.

శనివారం మొదటి రెండు జతల మీదా చిన్న గుట్టల్లో దొర్లాను. నోట్లో మంచు ఉమ్మేసి మరీ "మంచిగున్నయ్ సార్" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నల్ల జత తొడిగాక, "ఇది కాస్త గట్టి పిండం. ప్రార్థన చేసుకుని దిగుదాం" అని నాకు కొంచెం దిగువన నిలబడి టోపీ తీశారు. ప్రార్థన లేనిదే టీ కూడా ముట్టని మనిషి. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి నిలబడాలని నాకు తెలుసు. కానీ పెద్దాయన దేవుడితో మాట్లాడుతుంటే మొహం తిప్పుకుని నిలబడతామా? బుద్ధిగా ఆయనకేసి తిరిగి, కర్రలు చంకలో ఇరికించి, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన సాగుతోంది. దుకాణం అయింది, కస్టమర్ల మోకాళ్ళు అయ్యాయి, రెజైనాలో చదివే వాళ్ళబ్బాయి పరీక్షలు అయ్యాయి. "తండ్రీ, ఈ బిడ్డని నీ చేతుల్లో పెడుతున్నాం" అన్న మాట మరీ చెవి పక్కనే వినిపించి కళ్ళు తెరిచాను. సార్ వెనక్కి పోతున్నారు. చూస్తే పోతున్నది నేను!

ఒక గుట్ట నన్ను ఎగరేసింది, రెండోది వెనక్కి పడేసింది, మూడోదాని వెనక బోర్లా పడ్డాను. టోపీ చేత్తో పట్టుకునే సార్ దిగి వచ్చారు. నాకు మర్యాదా గిర్యాదా ఏమీ గుర్తులేదు.

"గిదేం స్కీ సార్! ఒంగది, తిరగది! ఎవడు కొంటడు సార్ దీన్ని?"

అన్నాక గానీ అది ఆయనకి నచ్చిన జత అని గుర్తు రాలేదు. అయిపోయింది నా పని అనుకుని ఏడుపు లంకించుకున్నాను.

"ఏడుపు తర్వాత. ఏం బాగోలేదో చెప్పు."

"ముక్కు బిరుసుగున్నది సార్. గుట్ట తగిలితే ఎనకకు గుంజుతున్నది. మీకైతే నడుస్తది. మన షాపుకొచ్చేటోళ్ళు మీలెక్క ఉండరు సార్, నాలెక్క ఉంటరు."

ఆయన ఆ నల్ల స్కీ ముక్కుని ఓసారి వంచి చూశారు. తర్వాత మంచులో నా పక్కనే చతికిలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"మనసులో ఆర్డర్ కూడా పెట్టేశానే తల్లీ! మెత్తటివే తెప్పిద్దాంలే. సోమవారం నుంచి చలికాలమంతా నువ్వే."

సార్ పోయి చాలా కాలమైంది. మొన్న మా దుకాణంలో కొత్తగా చేరిన అమ్మాయి, నేను ఏరి కోరి తెప్పించిన బూట్లు పాదం మీద నొక్కుతున్నాయని అందరి ముందూ అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, ఏం బాగోలేదో చెప్పమన్నాను. చెప్పింది. తొడుక్కుని చూశాను, నిజమే. బూట్లు వెనక్కి పంపించాను. అంతవరకూ సార్ నేర్పినట్టే చేశాను గానీ, నాకు నవ్వు మాత్రం రాలేదు. ఆ నవ్వు ఆయన ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో అడిగి ఉండాల్సింది.